గోడౌన్ ర్యాక్‌కు వారం వారం పరీక్ష, మరి మన స్టాండుకు?



ఈసారి ఆకు గురించి కాదు, పాలరోగం గురించి కాదు, గూళ్ల రేటు గురించి అంతకన్నా కాదు. ఇనుము గురించి. షెడ్డులో పురుగును మోసేది, ఏళ్ల తరబడి మనం తలెత్తి కూడా చూడనిది, ఆ స్టాండు గురించి.

ఈ ఆలోచన కాడుగోడిలో పుట్టింది. కుప్పం, బంగారుపేట వైపు నుంచి రైల్లో బెంగళూరు వెళ్లేవాళ్లకు ఆ ఊరు తెలిసే ఉంటుంది. పేరుకు వైట్‌ఫీల్డ్ స్టేషన్ అన్నా, అది ఉండేది కాడుగోడిలోనే. 2023 మార్చిలో మెట్రో కూడా అక్కడిదాకా వచ్చింది, ఆఖరి స్టేషన్ పేరులో కాడుగోడి ఉంది. రైల్వే స్టేషన్ పక్కనే కంటైనర్ డిపో. ఓడరేవు నుంచి రైలు మీద వచ్చిన పెట్టెలు అక్కడ దిగుతాయి, ఇక్కడి సరుకు అక్కడినుంచే ఎక్కుతుంది. డిపో ఉన్న చోట గోడౌన్లు ఉంటాయి, గోడౌన్లు ఉన్న చోట మన పిల్లలు ఉంటారు. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, పలమనేరు, కుప్పం, ఏ పట్టు ఊరు తీసుకున్నా ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా కాడుగోడి, హొసకోటె వైపు గోడౌన్లలో పనిచేస్తున్నారు. ఇంట్లో నాన్న పురుగు మేపుతాడు, కొడుకు అక్కడ సరుకు ఎక్కించి దించుతాడు.

అట్లాంటి ఒక పిల్లగాడు, మాకు వరసకు అల్లుడు, తాను పనిచేసే గోడౌన్‌ను నాకు చూపించాడు. ముప్పై అడుగుల ఎత్తు ర్యాకులు, వాటి మధ్య సందులు, సందుల్లో ఫోర్క్‌లిఫ్టులు. నేను పైకి చూస్తున్నాను. వాడు మాత్రం కిందికి చూస్తూ నడుస్తున్నాడు.

"ఏమిరా, ఏమన్నా పోగొట్టుకున్నావా?" అన్నాను.

"లేదు మామా. ఈ రోజు నా వంతు. స్తంభం కాళ్లు చూడాల. దెబ్బ తగిలేది ఎప్పుడూ కిందనే."

చేతిలో ఒక కాగితం, జేబులో ఒక టార్చి, చంకలో మీటరు పొడవు అల్యూమినియం పట్టీ. ఇంతే వాడి సామాను. ప్రతి వారం ఒకసారి ఆ గోడౌన్ మొత్తం ఇట్లా నడవాలంట. ఇది వాళ్ల మేనేజరు పుట్టించిన పద్ధతి కాదు. ఐరోపా దేశాలు 2008లో ఇనుప ర్యాకుల వాడకం, సంరక్షణ మీద ఒక ప్రమాణం రాసుకున్నాయి, దాని నంబరు ఈఎన్ 15635. ప్రపంచంలో పెద్ద గోడౌన్లు చాలావరకు దాన్నో, దాని బాటలో వచ్చిన పద్ధతినో పాటిస్తాయి. విదేశీ కంపెనీ సరుకు నిల్వ పెట్టుకునే గోడౌన్ అయితే ఆ కంపెనీయే అడుగుతుంది, మీ ర్యాకుల పరీక్ష కాగితాలు చూపించండి అని.

ఆ పద్ధతి సారం చెప్తాను, ఎందుకంటే మనకు పనికొచ్చేది అందులో చాలా ఉంది.

మొదటి మాట, ఎవరికి ఏ దెబ్బ కనపడినా అప్పటికప్పుడు చెప్పాలి. ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు తానే గుద్దినా సరే చెప్పాలి, చెప్పినందుకు వాడిని తిట్టకూడదు. తిడితే రేపటినుంచి ఎవరూ చెప్పరు, దెబ్బ మాత్రం అట్లాగే ఉంటుంది. రెండోది, ర్యాకుల భద్రతకు ఒక మనిషిని పేరుపెట్టి నియమించాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు కదా. ఆ మనిషి చేతనో, వాడి కనుసన్నలోనో వారం వారం కంటిచూపు పరీక్ష జరగాలి, రాసిపెట్టాలి. మూడోది, 12 నెలలు దాటకుండా ఒకసారి ఆ విద్య తెలిసిన నిపుణుడు వచ్చి మొత్తం చూడాలి.

మరి దెబ్బను కొలిచేదెట్లా? అక్కడే ఆ మీటరు పట్టీ పని. వంగిన చోట మధ్యకు వచ్చేట్టు పట్టీని స్తంభానికి ఆనించి, సందు ఎంత ఉందో చూస్తారు. ర్యాక్ పొడవు వైపుకు, అంటే బీములు సాగే వైపుకు స్తంభం వంగితే 5 మిల్లీమీటర్ల దాకా సరే. లోతు వైపుకు, అంటే ముందునుంచి వెనక్కు వంగితే 3 మిల్లీమీటర్ల దాకానే. స్తంభాల మధ్య ఏటవాలుగా వేసే పట్టీలు వంగితే 10 దాకా. మూడు మిల్లీమీటర్లు అంటే సుమారుగా రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంతే! అంత చిన్న వంకరకు ఇంత హడావిడా అని నాకూ అనిపించింది. దానికి జవాబు కాస్త ఆగి చెప్తాను.

వంకర ఆ హద్దులోపల ఉంటే పచ్చ, రాసిపెట్టి వదిలేస్తారు, వచ్చే వారం మళ్లీ చూస్తారు. హద్దు దాటి, దానికి రెట్టింపు లోపల ఉంటే పసుపు. ఉన్న సరుకును అప్పటికప్పుడు దించక్కర్లేదు గానీ, దించిన తర్వాత బాగుచేసేదాకా కొత్త సరుకు పెట్టకూడదు. నాలుగు వారాల్లో బాగుచేయకపోతే అది ఎరుపు కింద లెక్క. రెట్టింపు కూడా దాటితే నేరుగా ఎరుపు, వెంటనే సరుకు దించేయాలి, ఆ గడికి అడ్డం కట్టేయాలి. ఇనుము చీలినా, పగిలినా కొలత కూడా అవసరం లేదు, ఎరుపే.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. వంగిన స్తంభాన్ని సుత్తితో కొట్టి సరిచేయడం, గ్యాసుతో వేడిచేసి తిప్పడం నిషేధం. ఆ స్తంభాలు పల్చటి ఉక్కు రేకును మడిచి చేసినవి. దాని బలం ఆ మడతలోనే ఉంది. మడత ఒకసారి నలిగాక చూపుకు నిటారుగా చేయొచ్చు గానీ, బలం తిరిగి రాదు. మార్చాల్సిందే.

ఇప్పుడు ఆ మూడు మిల్లీమీటర్ల సంగతి. ఎండిన మల్బరీ కొమ్మ ఒకటి తీసుకోండి, మూడడుగులది. నేలమీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి. కాస్త నొక్కగానే మధ్యలో పక్కకు విల్లులాగా వంగుతుంది. అదే కొమ్మను సగానికి విరిచి నొక్కండి. వంచడానికి చాలా బలం పెట్టాలి, లెక్కప్రకారం నాలుగు రెట్లు. పొడవు సగం అయితే నొక్కుడు తట్టుకునే శక్తి నాలుగింతలు, పొడవు రెట్టింపు అయితే నాలుగో వంతు. ఇక మొదటి కొమ్మే ముందుగా కొంచెం వంకర ఉన్నదనుకోండి, నొక్కీ నొక్కకముందే పోతుంది. స్తంభం కూడా అంతే. అది విరిగి పడదు, వంగి పడుతుంది. నిటారుగా ఉన్నంతసేపు టన్నులు మోస్తుంది, కొంచెం వంకర పడ్డాక ప్రతి కిలో ఆ వంకరను ఇంకాస్త పెంచుతుంది.

అందుకే గోడౌన్‌లో ఎవరూ తమ ఇష్టానికి బీము ఎత్తు మార్చకూడదు. పొడవాటి సరుకు పెట్టాలని కింది బీము తీసి పైకి వేశారనుకోండి, స్తంభానికి మధ్యలో ఉన్న పట్టు పోయింది, ఒంటరిగా నిలబడే పొడవు పెరిగింది, శక్తి పడిపోయింది. సరుకు ఒక్క కిలో పెరగకపోయినా ర్యాక్ బలహీనమైంది. ర్యాక్ చివర ఒక బోర్డు ఉంటుంది, ఒక్కో అర మీద ఎంత బరువు, మొత్తం గడికి ఎంత, బీముల మధ్య ఎత్తు ఎంత అని. బీము మారితే ఆ బోర్డు మీద అంకెలు అబద్ధమైపోతాయి.

ఒక స్తంభం పోతే ఏమవుతుంది? దాని మీదున్న బీములు పక్క స్తంభాన్ని లాగుతాయి. అది ఆ పక్కదాన్ని. ప్రమాదం ఒక గడిలో ఆగదు, వరస మొత్తం పోతుంది. 2020 అక్టోబరులో బ్రెజిల్ దేశంలో సావో లూయిస్ అనే ఊళ్లో ఒక పెద్ద సరుకుల దుకాణంలో జరిగింది ఇదే. ఒక ర్యాక్ ఒరిగింది, దాని వెంట మిగతావి పడ్డాయి. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి చనిపోయింది, ఎనిమిది మందికి గాయాలు. ఆ కెమెరా వీడియో అప్పట్లో ఫోన్లలో బాగా తిరిగింది, మీలో కొందరు చూసే ఉంటారు. 2016 మేలో ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతం హిన్‌స్టాక్‌లో జున్ను నిల్వచేసే గోడౌన్‌లో ర్యాకులు కూలి, ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు జున్ను గుట్టల కింద ఎనిమిది గంటలకు పైగా ఇరుక్కుపోయాడు. అతడి అదృష్టం, బండి పైన ఇనుప చట్రం కాపాడింది కాబోలు, నడుచుకుంటూ బయటపడ్డాడు.

మన పట్టు షెడ్డులో బండి చట్రం ఉండదు. మేత వేసే ఆడవాళ్ల నెత్తిమీద పైట కొంగు మాత్రమే ఉంటుంది.

సరే, మన షెడ్డులోకి వద్దాం. ముందు బరువు లెక్క వేద్దాం. ఇది నా ఉజ్జాయింపు లెక్కే, మీ షెడ్డులో మీరు తూకం వేసి సరిచూసుకోవచ్చు. 40 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, మూడు అరల స్టాండు అంటే 600 చదరపు అడుగులు. చివరి దశలో అందులో సుమారు 90, 100 గుడ్ల పురుగు పడుతుంది. గుడ్డుకు 450 పురుగులు మిగిలినా 45,000. నిండుగా ఎదిగిన బైవోల్టిన్ పురుగు ఒక్కోటి నాలుగున్నర గ్రాములు వేసుకుంటే, పురుగు బరువే 200 కిలోలు. అది సరే. పురుగు జీవితమంతా తినే ఆకులో 80 శాతం పైనే నాలుగో జ్వరం లేచాక తింటుంది. మనది కొమ్మ మేపు. ఆకు పురుగు తింటుంది, కొమ్మ పడకలోనే ఉంటుంది. రోజూ కొమ్మ మీద కొమ్మ, దాని మధ్య పెంట. పడక ఒకసారి కూడా తీయకపోతే ఆరో రోజుకు ఎండిన కొమ్మ, పెంట, తాజా మేత, పురుగు అన్నీ కలిపి ఆ స్టాండు మీద 800, 900 కిలోలు ఉంటుంది. వానాకాలంలో తడి ఆకు వేస్తే ఇంకా ఎక్కువ.

గోడౌన్‌లో ఒక్క ప్యాలెట్ బరువే టన్ను ఉంటుంది, మన స్టాండు మొత్తం కలిపి టన్ను. అయిదడుగులకు ఒక జత కాలు వేసినా 18 కాళ్లు. కాలికి 50 కిలోలు. ఇంతేనా అనిపిస్తుంది. నిజమే, మంచి యాంగిల్‌తో, మంచి వెల్డింగ్‌తో కట్టిన కొత్త స్టాండుకు ఇది ఒక లెక్క కాదు. భయపెట్టడానికి రాయడం లేదు. కానీ గోడౌన్ ర్యాకును ఒక ఇంజనీరు లెక్కకట్టి చేశాడు. మన స్టాండును ఊళ్లో వెల్డింగ్ షాపాయన "ఇది చాలులే అన్నా" అని చేశాడు. ఆ చాలడం ఎన్నేళ్లకు, ఏ స్థితిలో, అనేది ఎవరూ అడగలేదు.

మన స్టాండుకు శత్రువు ఫోర్క్‌లిఫ్టు కాదు, తుప్పు. ఆ తుప్పును మనమే పిలుస్తున్నాం, అదీ మంచి పని చేస్తూ. పంటకు ముందు, పంట తర్వాత షెడ్డును 2 శాతం బ్లీచింగ్ పొడి, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో తడుపుతాం. లేదంటే క్లోరిన్ డయాక్సైడ్ కొడతాం. అది చేయకపోతే పంట దక్కదు, ఆ పని తగ్గించమని నేను అనను. కానీ బ్లీచింగ్‌లో ఉండే క్లోరిన్ ఇనుమును తింటుంది, జింక్ పూతనూ తింటుంది. ఏడాదికి అయిదారు పంటలు, పంటకు రెండుసార్లు. పదేళ్లలో ఆ స్టాండు వందసార్లు బ్లీచింగ్ స్నానం చేసింది. రంగు నిలిచిన చోట ఏమీ కాదు. వెల్డింగ్ అతుకుల దగ్గర, రంగు లేచిపోయిన చోట, యాంగిల్ లోపలి మూలలో నీళ్లు నిలిచి పని కానిస్తాయి.

అంతకన్నా పెద్ద సంగతి కాళ్ల కింద చీమల గిన్నెలు. చీమ ఎక్కకుండా ప్రతి కాలిని నీళ్ల గిన్నెలో పెడతాం. అంటే స్టాండు బరువంతా మోసే ఆ రెండంగుళాల ఇనుమును నెలల తరబడి నీళ్లలో నానబెడుతున్నాం. గిన్నెలోకి బ్లీచింగ్ నీళ్లు కూడా జారుతాయి. పైనంతా పచ్చరంగుతో మెరుస్తూ ఉంటుంది, గిన్నెలోపల కాలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. కాడుగోడిలో మా అల్లుడు కిందికి చూస్తూ నడిచినట్టే మనమూ కిందికి చూడాలి. దెబ్బ ఉండేది అక్కడే.

పరీక్ష చాలా సులువు. గిన్నె తీసేయండి. పాత స్క్రూడ్రైవర్‌తో కాలి చివర గట్టిగా గీకండి. పొడి రాలి కింద తెల్లటి ఇనుము కనపడితే మంచిది, రంగు వేస్తే చాలు. పెచ్చులు ఊడి ఇనుము పల్చబడి ఉంటే దాని మందం పైన బాగున్న చోటి మందంతో పోల్చి చూడండి. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగితే మాట్లాడేది లేదు, అది ఎరుపు. ఆ కాలికి కొత్త ముక్క వెల్డింగ్ చేయించేదాకా ఆ స్టాండు మీద పురుగు వేయకూడదు. మన యాంగిల్ గోడౌన్ స్తంభంలాగా పల్చటి మడత రేకు కాదు కాబట్టి, కుళ్లిన ముక్క కోసి బాగున్న ఇనుము దాకా కొత్తది అతికించుకోవచ్చు. కుళ్లిన దాని మీదనే పట్టీ వేసి అతికిస్తే మాత్రం డబ్బు దండగ.

చీమలకు ఏం చేయాలి మరి? గిన్నె వద్దంటే చీమ ఊరుకోదు. గిన్నె మధ్యలో సిమెంటు దిమ్మె పోసి దానిమీద కాలు పెట్టండి, నీళ్లు దిమ్మె చుట్టూ ఉంటాయి, ఇనుముకు తగలవు. లేదా కాలి చివర తారు పూయండి, అది కూడా పంటల మధ్య, వాసన పోయేంత వ్యవధి చూసుకుని. చీమల మందు పొడి, సుద్దముక్క లాంటివి మాత్రం షెడ్డు దరిదాపుల్లోకి తేవద్దు. చీమను చంపేది పురుగును వదలదు.

రెండో శత్రువు మన కాలే. పై అరలో మేత వేయాలంటే అందదు. ఏం చేస్తాం, కింది అర అంచు మీద ఒక కాలు పెట్టి ఎక్కుతాం. అరవై డెబ్బై కిలోల మనిషి, చేతిలో పదిహేను కిలోల కొమ్మల మోపు, అంతా ఒక్క యాంగిల్ మధ్యలో. పడక బరువు అర మొత్తానికి పరుచుకుని ఉంటుంది, మనిషి బరువు ఒక్క చోట పడుతుంది. పైగా ఎక్కేవాడు స్టాండును తనవైపు లాగుతాడు. స్తంభం తట్టుకోలేనిది ఆ లాగుడే. అంచు యాంగిళ్లు మధ్యలో కిందికి వంగి కనిపించే షెడ్లు మీరు చూసే ఉంటారు, అది పురుగు బరువు కాదు, మనిషి బరువు. గోడౌన్ వాళ్ల లెక్కలో బీము పొడవును 200తో భాగించినంత వరకు మాత్రమే వంగొచ్చు. అయిదడుగుల ముక్కకు అది ఏడున్నర మిల్లీమీటర్లు. ఒక దారం రెండు చివరలా బిగించి పట్టుకుంటే మధ్యలో ఎంత జారిందో తెలిసిపోతుంది. బరువు తీసేశాక కూడా వంకర నిలిచిపోయి ఉంటే ఆ ముక్క అలసిపోయిందని అర్థం.

రెండు మెట్ల చిన్న స్టూలు ఒకటి, లేదా స్టాండుల మధ్య తిరిగే ట్రాలీ ఒకటి పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. ట్రాలీ ఉన్నవాళ్లకు ఇంకో మాట, అది తిరిగేటప్పుడు మూలనున్న కాలికి తగులుతుంది. గోడౌన్‌లో సందు మొదట్లో ఉన్న స్తంభాలకు పసుపు రంగు ఇనుప కాపు వేస్తారు, దాన్ని నేలకు బిగిస్తారు, స్తంభానికి కాదు. మన దగ్గర మూల కాలి ముందు ఒక రాయి పాతినా అదే పని చేస్తుంది.

మూడోది తాడు. అరల అడుగున నైలాన్ తాడు అల్లుకుంటాం. కొత్తగా అల్లినప్పుడు వీణ తీగలాగా బిగిస్తాం, ఎందుకంటే సాగితే పడక కుంగుతుంది. అయిదడుగుల వెడల్పుకు రెండు అంచులనూ ఆ తాళ్లన్నీ లోపలికి లాగుతూనే ఉంటాయి, పురుగు ఉన్నా లేకపోయినా. మధ్యలో అడ్డపట్టీలు సరిపడా లేకపోతే పొడవు యాంగిళ్లు లోపలికి వంగుతాయి, వాటితోపాటు కాళ్లూ. స్టాండు చివర నిలబడి ఒక కన్ను మూసి పొడవునా చూడండి. అంచు గీత గీసినట్టు ఉంటే సరే, నడుము సన్నబడినట్టు ఉంటే అడ్డపట్టీ వేయించాలి. నిటారు చూడటానికి మేస్త్రీ వాడే దారం గుండు చాలు. పై అర నుంచి వేలాడదీసి, పైన కాలికి దారానికి మధ్య దూరం, కింద దూరం కొలవండి. ఆరడుగుల కాలికి తేడా తొమ్మిది మిల్లీమీటర్లు, అంటే చిటికెనవేలు మందం కూడా దాటకపోతే దిగులు లేదు. దాటిందంటే కాలు కుంగిందో, స్టాండు ఒరుగుతోందో వెతకాలి.

మల్బరీ కొమ్మ లెక్క ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోండి. ఊడవడానికి అడ్డంగా ఉందనో, ట్రాలీ దూరడం లేదనో కాళ్ల మధ్య కింది పట్టీని కోయించేసిన షెడ్లు ఉన్నాయి. ఆ పట్టీ బరువేమీ మోయదు కదా అంటారు. బరువు మోయదు, కాలిని పట్టుకుంటుంది. అది పోతే కాలు ఒంటరిదైంది.

కట్టె స్టాండులు ఇంకా వాడేవాళ్లు తక్కువేం కాదు. సర్వి కట్టె, వెదురు. వాటికి తుప్పు లేదు, చెదలు ఉంది. వేలితో తట్టి వినండి, డొల్ల శబ్దం వస్తే లోపల ఏమీ లేదు. కొబ్బరితాడు కట్లు బ్లీచింగ్ నీళ్లకు మెత్తబడతాయి, రెండు పంటలకొకసారి కట్లు మార్చుకోవాలి. కట్టె వాళ్లు మామూలుగా జాగ్రత్తగానే ఉంటారు, దాని మీద నమ్మకం లేదు కాబట్టి. ఇనుము మీద నమ్మకం ఎక్కువై ఇబ్బంది.

ఎప్పుడు చూడాలి? గోడౌన్‌కు వారం అయితే మనకు పంట కొలత. గూళ్లు విడిపించి మార్కెట్‌కు పంపిన మర్నాడు, షెడ్డు కడగకముందు. అప్పుడు స్టాండు ఖాళీ, పడక తీసేసి ఉంటుంది, వెల్డింగ్ ఆయనను పిలిచినా పురుగుకు పొగ తగలదు. తుప్పు గీకడం, రెడ్ ఆక్సైడ్ పూయడం, దాని మీద రంగు, అన్నీ ఆ రెండు మూడు రోజుల్లోనే. రంగు బాగా ఆరి, వాసన పూర్తిగా పోయాకే బ్లీచింగ్ కొట్టండి, చాకీ పురుగు తెచ్చుకోండి. వ్యవధి చాలకపోతే రంగు వచ్చే పంటకు వదిలేయండి గానీ, రంగు వాసనలో పురుగు వేయొద్దు. ఇంకొకసారి, నాలుగో జ్వరం లేచిన మూడో రోజు, బరువు పెరిగే సమయంలో టార్చి వేసుకుని పది నిమిషాలు కింద మూలలన్నీ చూసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు దాక్కున్న వంకర బరువు పడ్డాక బయటికి వస్తుంది. కిర్రుమన్న శబ్దం ఎటునుంచి వచ్చిందో మేత వేసే ఆడవాళ్లను అడగండి. రోజుకు మూడుసార్లు ఆ స్టాండు పక్కన తిరిగేది వాళ్లే, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. "ఆ మూలది కదులుతా ఉంది అన్నా" అని ఎవరైనా చెప్తే, పంట అయ్యాక చూద్దాంలే అనకుండా అప్పుడే వెళ్లి చూడండి.

పంట మధ్యలో ఎరుపు కనపడితే ఏం చేయాలి? ఇదే కష్టమైన ప్రశ్న, గోడౌన్‌లో సరుకు దించి పక్కన పెట్టొచ్చు, అయిదో దశ పురుగును ఎక్కడ పెడతాం? ముందు ఆ కాలి పక్కన రాళ్లు గానీ, సిమెంటు ఇటుకలు గానీ పేర్చి కింది అరకు ఆసరా ఇవ్వండి. పై అరకు ఆ ఆసరా అందదు కాబట్టి పై అర పురుగును కొమ్మలతో సహా తీసి, నడవలో ప్లాస్టిక్ కాగితం పరిచి నేల పడక వేయండి. నాలుగు రోజులు నేలమీద మేసినంత మాత్రాన పంట పోదు, చీమ, ఎలుక, ఊజి కాపలా చూసుకోవాలి, అంతే. పురుగు తీసేటప్పుడు పై అరతో మొదలుపెట్టండి, కింద మనుషులను ఉంచొద్దు. అల్లిక దశలో నేత్రికలు ఆ స్టాండు మీద పేర్చొద్దు.

రాసిపెట్టుకోవడం గురించి మా అల్లుడిని అడిగాను, వారం వారం అదే కాగితం నింపడం విసుగు రాదా అని.

"వస్తాది మామా. కానీ పోయిన వారం మూడు ఉండింది ఈ వారం నాలుగు అయితే, కాగితం ఉంటేనే కదా తెలిసేది. కంటికి రెండూ ఒకటే."

మనకు కాగితం కూడా వద్దు, స్టాండు కాళ్లకు సున్నంతో నంబర్లు వేయండి, 1 నుంచి 18 దాకా. ప్రతి పంటకు అనుమానం ఉన్న కాలు ఫోటో తీసి ఫోన్‌లోనే ఉంచుకోండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. వచ్చే పంటకు అదే కాలు మళ్లీ తీసి రెండూ పక్కపక్కన చూస్తే చాలు. చాకీ గుడ్ల తేదీ రాసుకునే పుస్తకం ఎటూ ఉంటుంది, అందులోనే ఆ పంట పేజీ కింద ఒక గీత, ఏ కాలు చూశాం, ఏం చేయించాం అని.

కొత్త షెడ్డు కట్టేవాళ్లు వెల్డింగ్ ఆయనతో ముందే మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలి కింద నాలుగంగుళాల చదరం ప్లేటు, వీలైతే నేలకు బోల్టు. కాలు చివర ఆరంగుళాలు రెండు పూతల రెడ్ ఆక్సైడ్, లోపలి మూలల్లో కూడా. కాళ్ల మధ్య కింది పట్టీ తీయడానికి వీలులేకుండా. రెండు చివరలా, మధ్యలో ఒక చోట ఏటవాలు పట్టీలు, స్టాండు పక్కకు ఊగకుండా. గొట్టం పైపు వాడితే పై చివర మూయించాలి, లేకపోతే బ్లీచింగ్ నీళ్లు లోపలికి దిగి లోపలినుంచి తింటాయి, బయటికి కనపడదు. ఇవన్నీ కలిపినా ఖర్చు పెద్దగా పెరగదు, యాంగిల్ కొనేటప్పుడు నాలుగు కిలోలు ఎక్కువ పడుతుందేమో.